టిన్ కట్టర్ లేదా? గరుకు గచ్చు ఉంటే చాలు

రసగుల్లా డబ్బానో పైనాపిల్ డబ్బానో కొని ఇంటికి తెచ్చాక గానీ కట్టర్ లేదని గుర్తురాదు. చాకుతో పొడిచారంటే జారి చెయ్యి తెగుతుంది, చాకు మొనా పోతుంది.

మూత అంచును గరుకు సిమెంటు గచ్చు మీద అరగదీయండి. మూతను పట్టి ఉంచేది ఆ అంచు మడతే, అది అరిగితే మూత వదులైపోతుంది. మన విజయవాడ ఫ్లాట్లలో లోపలంతా నున్నటి టైల్సే, వాటి మీద అరగదు. డాబా మీదికో, కింద పార్కింగ్‌లోకో వెళ్లండి. కాస్త చోటు ఊడ్చి, డబ్బాను బోర్లించి, రెండు చేతులతో అదిమి పట్టి గుండ్రంగా రుద్దండి. అర నిమిషానికోసారి తిప్పి చూస్తుండాలి. అంచు చుట్టూ లోహం మెరుస్తూ, గచ్చు మీద సన్నటి తడి గీత కనిపించగానే ఆపేయండి. ఇక్కడే తొందరపడకూడదు. ఇంకాస్త రుద్దితే పాకం కారిపోయి, గచ్చు మీది ఇసుక లోపలికి చేరుతుంది.

తర్వాత డబ్బాను నిలబెట్టి, అంచు మీది రజను తడిగుడ్డతో శుభ్రంగా తుడవాలి. చెంచా కొనను మూత అంచులో దూర్చి పైకి లేపితే ఊడి వస్తుంది. ఆ మూత అంచు బ్లేడులా ఉంటుంది, పిల్లల చేతికి అందనివ్వకండి.

రేకు డబ్బాలకే ఈ పద్ధతి. అట్ట డబ్బాలకు కుదరదు. డబ్బా ఉబ్బి ఉంటే మాత్రం ఏ పద్ధతిలోనూ తెరవొద్దు, లోపలి సరుకు పాడైనట్టే. అలాగే పారేయండి.