సకాయ్ కత్తి క్లాసులో చెయ్యి తిరగనప్పుడు: సమస్య – పరిష్కారం

జపాన్‌లోని ఒసాకాలో నంబా స్టేషన్ దగ్గర నంకై రైలెక్కితే పావుగంటలో సకాయ్‌లో దిగుతాం. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు పొగాకు తెచ్చాక, ఆ ఆకుని సన్నగా తరిగే కత్తులకి ఈ ఊరు పేరు మోసింది. ఆ తర్వాత ఎదో యుగంలో (1603–1868) షోగునేట్, అంటే అప్పటి సైనిక ప్రభుత్వం, ఈ కత్తుల మీద ‘సకాయ్ కివామె’ అనే ముద్ర వేయించింది. ఇప్పటికీ ఇక్కడ ఒక కత్తిని ఒక్కరే తయారు చేయరు. ఉక్కు కాల్చి కొట్టేవాళ్లు వేరు, సాన పట్టేవాళ్లు వేరు, పిడి బిగించేవాళ్లు వేరు. అలాంటి చోట కత్తి పట్టడం నేర్పే క్లాసు దొరికితే ఒక పూట దానికి కేటాయించాల్సిందే అంటాను.

ఒక్క సంగతి మాత్రం ముందే తెలిసి వెళ్లండి. ఇరవై ఏళ్లుగా ఇంట్లో కూరలు తరుగుతున్న చెయ్యి కూడా అక్కడ మొదటి అరగంట మొరాయిస్తుంది. నాకూ అలాగే అయింది, పక్క బల్ల మీద ఉన్నవాళ్లకీ అయింది. మాకు వచ్చిన ఇబ్బందులు, వాటి వెనక కారణాలు, మాస్టారు దిద్దిన తీరు ఇక్కడ రాస్తున్నాను. చాలావాటికి మూలం ఒకటే: మనం కత్తిని కిందికి నొక్కుతాం. అక్కడి కత్తిని జరిపితేనే కోస్తుంది.

టమాటా నలిగిపోతోంది, చేప ముక్క చిరుగుతోంది

కత్తిలో పదును లేదేమో అనుకుంటాం. క్లాసులో ఇచ్చే కత్తి పొద్దున్నే సాన పట్టినది, దానిలో లోపం ఉండదు. ఇంట్లో మొద్దుబారిన చాకుతో బలంగా నొక్కి కోయడం అలవాటై ఉంటుంది, అదే బలం ఇక్కడా పెడతాం. పల్చని అంచు తన పని తను చేసేలోపే మన బరువు టమాటాని చితికేస్తుంది.

మాస్టారు నా వెనక నిలబడి ‘చికారా ఓ నుయితె’ అన్నారు. చేతిలో బలం వదిలెయ్యి అని. తర్వాత కత్తి పిడి దగ్గరి అంచుని టమాటా తొక్క మీద ఊరికే ఆనించి, మొన దాకా ఒక్కసారి వెనక్కి లాగమన్నారు. నొక్కలేదు. తొక్క దానంతట అదే విడిపోయింది, గింజల చుట్టూ ఉండే జిగురు కూడా కదల్లేదు. సషిమికి, అంటే పచ్చి చేప ముక్కలకి, వాడే యనగిబా కత్తి అంత పొడుగ్గా ఉండేది ఇందుకే. ముక్కకి ఒకే లాగుడు, మొదటి నుంచి చివరి దాకా. రంపంలా ముందుకీ వెనక్కీ ఆడిస్తే చేప మీద మెట్లు పడతాయి. కూరగాయలకైతే లాగడం బదులు కొంచెం ముందుకి తోస్తూ కోయాలి. ఏదైనా నిలువుగా కిందికి మాత్రం కొట్టకూడదు.

చక్రాలు ఒక పక్క మందం, ఒక పక్క పల్చన

దీనికి రెండు కారణాలు ఉంటాయి. ముందు మీ కాళ్లు చూసుకోండి. బల్లకి ఎదురుగా నిటారుగా నిలబడితే మోచెయ్యి పొట్టకి తగిలి కత్తి వంకర పోతుంది. బల్లకీ పొట్టకీ మధ్య ఒక పిడికిలి పట్టేంత దూరం ఉంచి, కుడి కాలు అరడుగు వెనక్కి వేసి, ఒళ్లు కొంచెం పక్కకి తిప్పండి. అప్పుడు మోచేతికి చోటు దొరికి, కత్తి బోర్డు మీద తిన్నగా నడుస్తుంది.

రెండోది కత్తి నిర్మాణం. ఉసుబా (కూరగాయలకి), దేబా (చేపని కోయడానికి), యనగిబా కత్తులకి సాన ఒక పక్కనే ఉంటుంది, రెండో పక్క లోపలికి కొద్దిగా గుంటగా ఉంటుంది. కుడిచేతివాళ్ల కోసం చేసిన ఇలాంటి కత్తి కోసేటప్పుడు ఎడమ వైపుకి జారుతుంది. కత్తి వీపు (పదును లేని పై అంచు) మీద చూపుడు వేలు ఆనించి, ఆ లాగుడుని వేలితో గమనిస్తూ సరిచేసుకోవాలి. మీది ఎడమచేతి వాటమైతే ఈ కత్తి అసలు దారికి రాదు. బుక్ చేసేటప్పుడే ఆ సంగతి రాయండి. ఎడమచేతి కత్తులు విడిగా చేస్తారు, అన్ని చోట్లా ఉండవు. లేవంటే సంతోకు (అన్నిటికీ వాడే ఇంటి కత్తి) గాని నకిరి (కూరగాయల కత్తి) గాని అడగండి. వాటికి రెండు పక్కలా సాన ఉంటుంది కాబట్టి ఏ చేతితోనైనా తిన్నగా కోస్తాయి.

ముల్లంగి పొర మాటిమాటికీ తెగిపోతోంది

క్లాసులో అందరినీ ఏడిపించేది ఇదే, నాకు అన్నిటికన్నా నచ్చినదీ ఇదే. పేరు కట్సురముకి. లావుపాటి దైకోన్ ముల్లంగి ముక్కని చుట్టూ తిప్పుతూ, చాప చుట్ట విప్పినట్టు, ఒకటే పల్చని పొరగా తీయాలి. ఆ పొరల్ని పేర్చి సన్నగా తరిగితే వచ్చే తెల్లని పోగులే సషిమి పక్కన కుప్పగా పెడతారు. పోగుల్ని నార వెంబడి తరిగితే కరకరలాడుతూ నిలబడతాయి, నారకి అడ్డంగా తరిగితే మెత్తగా వంకీలు తిరుగుతాయి. రెండిటినీ చల్లని నీళ్లలో వేసి తీస్తారు.

పొర తెగుతోందంటే ముందు ముల్లంగి ముక్కని నిలబెట్టి చూడండి. పైన లావు, కింద సన్నం ఉందా? అయితే ఎంత నేర్పున్నా పొర ఒక పక్క దళసరిగా, ఇంకో పక్క చిరుగులుగా వస్తుంది. ముందు దళసరి పొరలు తీసి పారేసి, ముక్కని సరైన స్తంభంలా చేసుకోవాలి. ఆ పని వృథా అనుకుని నేను తొందరపడ్డాను, మూడు ముక్కలు పాడయ్యాయి. ఇంకో సంగతి, ముక్క పొడుగు. మొదట్లో రెండంగుళాలు చాలు. చెయ్యి కుదిరాక పెంచుకోవచ్చు.

అన్నీ సరిగ్గా ఉన్నా తెగుతోందంటే తప్పు కుడి చేతిది. మనం కత్తిని ముల్లంగిలోకి తోస్తున్నాం. తోయకూడదు. ఇది మాటల్లో వింటే నాకు అర్థం కాలేదు, కత్తిపీట గుర్తొచ్చాక అర్థమైంది. మా అమ్మమ్మ కత్తిపీట ముందు కూర్చుని అరటిపువ్వు తరుగుతుంటే కత్తి కదిలేది కాదు, ఆవిడ చేతుల్లో పువ్వు కదిలేది. కట్సురముకిలో సగం పని అదే. ఎడమ చేతి వేళ్లు ముల్లంగిని అంచు మీదికి నెమ్మదిగా తిప్పుతాయి. కుడి చెయ్యి కత్తిని ఉన్న చోటే కొంచెం పైకీ కిందికీ ఆడిస్తుంది. కుడి బొటనవేలు అంచు పక్కన పొర మీద ఆని ఉంటుంది. పొర మందం కంటికన్నా ముందు ఆ వేలికే తెలుస్తుంది. ఈ పోలిక తోచాక నా నాలుగో ముక్క జానెడు దాకా తెగకుండా వచ్చింది. తడి పొర వెనక ఉక్కు రంగు నీలంగా కనపడింది. ఇంట్లో కత్తిపీట వాడిన చెయ్యి మీదైతే ఈ పాఠంలో మీరే ముందుంటారు, నిజంగా చెప్తున్నాను.

మణికట్టు లాగేస్తోంది, చూపుడు వేలికి బొబ్బ

పిడిని పిడికిలి బిగించి పట్టుకోవడం వల్ల వచ్చేది ఇది. బొటనవేలు, చూపుడు వేలు కత్తి రేకు మొదలుని రెండు పక్కలా పట్టుకోవాలి, మిగతా మూడు వేళ్లు పిడి చుట్టూ వదులుగా ఉండాలి. భుజం కూడా నొప్పి పుడుతుంటే బల్ల ఎత్తు చూడండి. జపాన్ వంటిళ్లకి ఒక లెక్క ఉంది: మీ ఎత్తులో సగం, దానికి 5 సెంటీమీటర్లు కలపాలి. 160 ఉన్నవాళ్లకి 85 సరిపోతుంది. బల్ల మరీ ఎత్తైతే మొహమాటపడకుండా కాళ్ల కింద పీట అడగండి.

ఎడమ చేతి వేళ్లు తెగుతున్నాయంటే అవి చాచి ఉన్నట్టు. ‘నెకో నో తే’ అంటారు, పిల్లి చెయ్యి. వేళ్ల చివర్లు లోపలికి ముడిచి, కణుపులు కత్తి రేకుకి ఆనించాలి. తెగితే దాచకుండా వెంటనే చెప్పండి.

సానరాయి మీద అరగంట రుద్దినా పదును రాలేదు

క్లాసు రెండో సగంలో సాన పట్టిస్తారు. సాధారణంగా 1000 నంబరు రాయి ఇస్తారు, మధ్యరకం. ఇక్కడ టెన్షన్ పడి గట్టిగా రుద్దేవాళ్లే ఎక్కువ. దానివల్ల ఏమీ రాదు.

అసలు కారణం చాలావరకు కోణం. ప్రతి తోపుకీ మణికట్టు కదిలి కోణం మారుతూ ఉంటే అంచు గుండ్రమవుతుంది. తెలుసుకోవడానికి మంచి ఉపాయం ఉంది. అంచు పొడుగునా మార్కర్ పెన్నుతో గీత గీసి, పది సార్లు రుద్ది చూడండి. రంగు అంచు చివర మిగిలి ఉంటే కత్తిని మరీ పడుకోబెట్టారు. అంచు దగ్గర మాత్రమే పోయి పైన మిగిలితే మరీ లేపారు. సంతోకులాంటి కత్తికి 15 డిగ్రీలు ఉంటే చాలు. నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పున్న రేకు వీపుని రాయి మీంచి సుమారు 12 మిల్లీమీటర్లు లేపితే ఆ కోణం వస్తుంది. ఇంచుమించు చిటికెన వేలి కొస దూరేంత సందు. ఒక పక్క సాన ఉన్న కత్తికి ఈ లెక్క అక్కర్లేదు. సాన ఉన్న వాలు మొత్తం రాయి మీద ఆనితే అదే కోణం.

రెండో కారణం, తొందరగా పక్క మార్చేయడం. ఒక పక్క రుద్దుతూ పోతే రెండో పక్కన అంచు వెంబడి సన్నని గరుకు లేస్తుంది. దాన్ని ‘కయేరి’ అంటారు. వేలిని వీపు వైపు నుంచి అంచు దాటించి బయటికి జరిపితే తగులుతుంది. అంచు వెంబడి మాత్రం వేలు నడపకండి. ఆ గరుకు మొన నుంచి పిడి దాకా తగిలాకే పక్క మార్చాలి. మొన దగ్గర, పిడి దగ్గర తగలకపోవడం మామూలు, అక్కడ ఇంకాసేపు రుద్దండి. రెండో పక్క కూడా అయ్యాక మిగిలిన గరుకుని పాత న్యూస్‌పేపర్ మీద నాలుగుసార్లు వెనక్కి లాగి తీసేస్తారు.

రాయి మీద చేరే బురదని శుభ్రం అనుకుని నేను కడిగేశాను. మాస్టారు వెంటనే ఆపారు. సాన పట్టేది ఆ బురదే. ఆరిపోతుంటే నాలుగు చుక్కలు చిలకరించాలి, అంతే.

మాట అర్థం కాదు, చేప ముట్టను, కళ్లు మూతలు పడుతున్నాయి

మాట రాకపోయినా నష్టం లేదు, చేతులు చూస్తే చాలు. ‘హికు’ అంటే లాగు, ‘ఒసు’ అంటే తొయ్యి. ఈ రెండూ గుర్తుంచుకోండి.

శాకాహారులు వెజిటేరియన్ అని ఒక్క మాట రాసి ఊరుకోకూడదు. చాలా క్లాసుల్లో దేబాతో చేపని కోయిస్తారు. అది వద్దు, ముల్లంగి, క్యారెట్, క్యాబేజీ ఇవ్వండి అని రాయండి. తర్వాత భోజనం ఉంటే చేప పెచ్చులతో కాచిన దాషి కూడా వద్దని విడిగా చెప్పండి. అక్కడి సూపులో ముక్క కనపడకపోయినా ఆ రసం ఉంటుంది.

జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందు. అక్కడ పొద్దున పది గంటల క్లాసంటే మన ఒంటికి ఆరున్నర. దిగిన మర్నాడే పొద్దుటి క్లాసు పెట్టుకోకండి. నిద్ర మత్తులో ఇంత పదునున్న కత్తి పట్టుకోవడం మంచిది కాదు.

కొన్న కత్తిని ఎలా తేవాలి?

సరైన కారణం లేకుండా 6 సెంటీమీటర్లు దాటిన కత్తిని వెంట పెట్టుకు తిరగడం జపాన్‌లో నేరం. కొనుక్కున్నది ఇంటికి తీసుకెళ్లడం సరైన కారణమే. కానీ అది షాపువాళ్లు కట్టిన ప్యాకెట్‌లోనే ఉండాలి. రైళ్లలో కూడా ప్యాక్ చేయని కత్తుల్ని 2019 నుంచి అనుమతించట్లేదు. హోటల్ గదిలో విప్పి ఫొటో తీసుకున్నా మళ్లీ అలాగే కట్టేయండి. విమానంలో చెకిన్ లగేజీలోనే వేయాలి. చేతి సంచిలో ఉంటే సెక్యూరిటీ దగ్గర వదులుకోవాల్సి వస్తుంది.

ఏది కొనాలంటే, మన వంటకి నకిరి లేదా సంతోకు. యనగిబా ఎంత ముద్దొచ్చినా ఇంట్లో దానికి పని దొరకడం కష్టం.

ఇంటికొచ్చాక ఉల్లిపాయ నల్లబడుతోంది, కత్తి మీద మచ్చలు

షిరొగామి, అఒగామి అనే కార్బన్ ఉక్కు కత్తుల స్వభావం ఇది. ఉల్లి, నిమ్మ, మామిడి, చింతపండు తగిలితే రంగు మారుతాయి. నీలం, బూడిద రంగు మచ్చ వస్తే భయం లేదు, కొన్నాళ్లకి అది స్థిరపడి ఉల్లిపాయ నల్లబడటమూ తగ్గుతుంది. నారింజ రంగు వస్తేనే తుప్పు. కోస్తా ఊళ్లలో అది ఒక్క రాత్రిలో పడుతుంది. కోస్తున్నంతసేపూ తడిగుడ్డతో తుడుస్తూ, అవగానే కడిగి, పొడిగుడ్డతో ఒత్తి ఆరబెట్టండి. కొన్నాళ్లు వాడనప్పుడు త్సుబాకి (కెమేలియా గింజల) నూనె పల్చగా రాయండి. ఇంత ఓపిక లేకపోతే స్టెయిన్‌లెస్ రకం తీసుకోండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

అంచు పెచ్చు లేచింది

ఈ ఉక్కు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 60 దాటి ఉంటుంది. అంత గట్టిది కాబట్టే పల్చగా నిలుస్తుంది, కాబట్టే వంగకుండా విరుగుతుంది. ఆవకాయకి మామిడికాయ కొట్టడం, టెంక, కొబ్బరి చిప్ప, ఎముకలు దీని పని కాదు. గుమ్మడికాయలో దించి పక్కకి మెలితిప్పినా పెచ్చు లేస్తుంది. గ్రానైట్ గట్టు మీద, స్టీలు పళ్లెంలో కోయకండి, చెక్క బోర్డు వాడండి. తరిగిన ముక్కల్ని బోర్డు మీంచి తోసేటప్పుడు అంచుతో కాక కత్తి వీపుతో తోయండి.

పెచ్చు గోరు అంచుకి తగిలీ తగలనంత చిన్నదైతే 1000 రాయి మీద మామూలు సాన నాలుగైదుసార్లు పడితే పోతుంది. కంటికి స్పష్టంగా కనిపిస్తుంటే 400 లోపు ముతక రాయి కావాలి. ఆ రాయి మీద చెయ్యి కుదరని వాళ్లు వీధిలో తిరిగే సాన చక్రానికి మాత్రం ఇవ్వకండి. ఆ వేడికి అంచు మెత్తబడిపోతుంది. నీటి రాయి మీద చేత్తో సాన పట్టేవాళ్లు దొరికేదాకా కత్తిని పొడి గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి.