నియోజకవర్గంలో ఓటరు సర్వే: పేర్లు ఎలా ఎంచుకోవాలి

టీ కొట్టు దగ్గర నలుగురిని అడిగితే వచ్చేది కబుర్లే, సర్వే కాదు. ఓటర్ల జాబితాతోనే మొదలుపెట్టాలి. నియోజకవర్గంలో 240 పోలింగ్ కేంద్రాలుంటే 20 చాలు. 240ని 20తో భాగిస్తే 12. ఒకటి నుంచి 12 దాకా చీటీలు వేసి ఒకటి తీయండి. 5 వస్తే 5, 17, 29... అలా వెళ్లాలి. కేంద్రంలోనూ అదే లెక్క: 1000 మంది ఓటర్లుంటే ప్రతి 40వ పేరు, అంటే 25 పేర్లు. వలసపోయినవాళ్లు, చనిపోయినవాళ్లు పోగా 20 మంది దొరికితే గొప్పే.

సర్వేలు చెడేది ఎక్కువగా ఇక్కడే. జాబితాలో ఉన్నావిడ ఇంట్లో లేదని పక్కింటాయన్ని అడిగేస్తారు. అలా చేస్తే కూలికి వెళ్లేవాళ్లంతా లెక్కలోంచి జారిపోతారు. సాయంత్రం మళ్లీ వెళ్లండి. భర్త అందుకుని జవాబిస్తుంటే, "మీరు చెప్పండమ్మా" అని ఆమెనే అడగాలి.

ఓటు ఎవరికన్నది నోటితో అడగొద్దు. ఎన్నికల అధ్యయనాలు చేసే పరిశోధన సంస్థ లోక్‌నీతి-సీఎస్‌డీఎస్ సర్వేల్లోలా గుర్తులున్న నమూనా బ్యాలెట్ ఇచ్చి, మడిచి పెట్టెలో వేయమనండి.

20 కేంద్రాల్లో 20 మంది చొప్పున వచ్చే 400 మంది నమూనాకి అటూ ఇటూ దాదాపు 5 శాతం తేడా ఉంటుంది. కేంద్రాలవారీగా తీశాం కాబట్టి నిజానికి ఇంకాస్త ఎక్కువే. 46, 43 శాతం వచ్చాయని గెలుపు రాసేయకండి.