క్రోన్స్ వ్యాధికి క్లినికల్ ట్రయల్: మీకు అవకాశం ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

క్రోన్స్ అంటే పేగుల్లో వాపు, పుండ్లు వచ్చి ఏళ్ల తరబడి వేధించే జబ్బు. దానికి ఎక్కడో కొత్త మందు ట్రయల్ (మందు పనిచేస్తుందో లేదో రోగుల మీద చేసే పరీక్ష) జరుగుతోందని ఎవరైనా చెబితే, వెంటనే ఆమదాలవలసలో రైలెక్కేయాలనిపిస్తుంది. విశాఖకో హైదరాబాద్‌కో వెళ్లాక పది నిమిషాల్లో "మీరు పనికిరారు" అనిపించుకుని తిరిగి రావడం మహా బాధ. మీరు సరిపోతారో లేదో సగానికి సగం శ్రీకాకుళంలో మీ ఇంట్లోనే కూర్చుని తేల్చుకోవచ్చు.

1. ముందు ఫైలు సర్దండి

కొలనోస్కోపీ (గొట్టంతో పెద్ద పేగు లోపల చూసే పరీక్ష), బయాప్సీ (పేగు ముక్క తీసి చేసే పరీక్ష), స్కానింగ్ రిపోర్టులు, రక్త పరీక్షలు, ఆపరేషన్ అయి ఉంటే డిశ్చార్జి సమ్మరీ, అన్నీ తేదీల వరసలో పెట్టండి. జబ్బు నిర్ధారణ అయి కనీసం 3 నెలలు దాటాలని చాలా ట్రయల్స్ అడుగుతాయి. నోటిమాట చెల్లదు, కాగితం కావాలి.

మన పల్లెల్లో వైద్యం తరచూ ఆర్‌ఎంపీ దగ్గర మొదలవుతుంది, ఆయన చీటీ రాయడు. ఖాళీ మాత్రల అట్టలైనా దాచండి. మధ్యలో పసరు మందు తాగి ఉంటే అదీ చెప్పండి. డాక్టరు కసురుతారని దాచిపెడితే నష్టం మీకే.

2. టీబీ లెక్క తేల్చండి

మనవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. పేగు టీబీ, క్రోన్స్ రెండూ ఎక్కువగా చిన్న పేగు చివర, పెద్ద పేగు మొదట్లోనే పట్టుకుంటాయి. రెండింట్లోనూ పుండ్లు, పేగు సన్నబడటం, జ్వరం, బరువు తగ్గడం ఉంటాయి. బయాప్సీ చూసి కూడా ఒక్కోసారి విడదీయలేరు. అందుకే ముందు టీబీ మందులు వాడించి, కొన్ని నెలలకు మళ్లీ కొలనోస్కోపీ చేసి, పుండ్లు మానకపోతే క్రోన్స్ అని తేల్చడం మన దేశంలో మామూలే. మీకూ అలాగే జరిగి ఉంటే టీబీ కోర్సు కార్డు, రెండు కొలనోస్కోపీ రిపోర్టులు తప్పక ఉండాలి.

ఒంట్లో నిద్రపోతున్న టీబీ ఉందేమో కూడా చూస్తారు. ఛాతీ ఎక్స్‌రే, ఐజీఆర్‌ఏ అనే టీబీ రక్త పరీక్ష లేదా చేతికి వేసే మాంటూ పరీక్ష చేస్తారు. క్రోన్స్ మందులు చాలావరకు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి కాబట్టి ఆ టీబీ లేచి కూర్చోవచ్చు. పాజిటివ్ వస్తే దారి మూసుకుపోయిందని అనుకోవద్దు. నివారణ మందులు మొదలుపెట్టాక చేర్చుకునే ట్రయల్స్ ఉన్నాయి.

3. ఏడు రోజులు రాసుకోండి

చాలా ట్రయల్స్‌కు జబ్బు మధ్యస్థం నుంచి తీవ్రం మధ్యలో ఉన్నవాళ్లు కావాలి. దాన్ని కొలవడానికి సీడీఏఐ (క్రోన్స్ తీవ్రత సూచిక) అనే స్కోరు వాడతారు. 150 లోపుంటే జబ్బు అణిగినట్టు. ఎక్కువగా అడిగేది 220 నుంచి 450. ఈ స్కోరుకు వారం పాటు రోజూ ఎన్ని నీళ్ల విరేచనాలయ్యాయి, కడుపునొప్పి ఎంత, ఒళ్లు ఎలా ఉంది అని రాయాలి. ఇప్పుడే ఒక నోటుబుక్కులో మొదలుపెట్టండి. ఎక్కువ చేసి రాయొద్దు. కొలనోస్కోపీలో పుండ్లకు వేరే స్కోరు ఉంటుంది, అక్కడ దొరికిపోతారు.

4. మందుల చరిత్ర

స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి క్రోన్స్ మందులు వాడారా? ఏది ఎంత డోసు, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, ఎందుకు ఆపారు? పాత మందులు పనిచేయనివాళ్లకో, పడనివాళ్లకో పెట్టే ట్రయల్స్ ఎక్కువ కాబట్టి ఇది కీలకం. ట్రయల్‌లో చేరాలన్న ఆశతో ఇప్పుడు వాడుతున్న మందులు మీ అంతట మీరు ఆపేయకండి. కొన్నిటికి ఇన్ని వారాల ఎడం ఉండాలన్న నియమం ఉంటుంది, అది డాక్టరే చూసుకుంటారు.

5. సాధారణంగా వద్దనేవి

గర్భం, పాలిచ్చే తల్లులు, పేగులో చీముగడ్డ, అన్నం దిగనంతగా పేగు మూసుకుపోవడం, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ, ఈమధ్య వచ్చిన క్యాన్సర్, కొద్ది రోజుల క్రితం వేసిన లైవ్ వ్యాక్సిన్ (బలం తగ్గించిన బతికున్న క్రిములతో చేసే టీకా). 18 ఏళ్లలోపు పిల్లలకు ట్రయల్స్ వేరుగా ఉంటాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు వాళ్లు సీరం క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష) ముందే చూపించుకోవడం మంచిది. కిడ్నీ దెబ్బతిని ఉంటే చాలా ట్రయల్స్ తీసుకోవు. నొప్పికి డైక్లోఫెనాక్ సూదులు వేయించుకునే అలవాటు పేగుకీ కిడ్నీకీ రెండింటికీ చెరుపే.

6. ఎక్కడ వెతకాలి?

మన దేశంలో ట్రయల్స్ అన్నీ సీటీఆర్‌ఐ (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ - ఇండియా) అనే జాబితాలో నమోదవ్వాలి, 2009 నుంచి ఇది తప్పనిసరి. వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. జబ్బు పేరు ఇంగ్లీషులో కొడితే ట్రయల్స్ జాబితా వస్తుంది. ప్రతిదాంట్లో ఎవరిని తీసుకుంటారు, ఎవరిని తీసుకోరు, ఏ ఊరి ఏ ఆసుపత్రి, ఎవరిని సంప్రదించాలి అన్నీ ఉంటాయి. ఇంకా చేర్చుకుంటున్నారో లేదో ముందు అదే చూడండి. ఇంగ్లీషు రాకపోతే డిగ్రీ చదివే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. తర్వాత ఫోన్ చేసి, రిపోర్టుల ఫొటోలు పంపవచ్చా అని అడగండి. పంపాకే ప్రయాణం.

7. సంతకానికి ముందు

ట్రయల్‌లో చేరడానికి డబ్బు కట్టమన్నారంటే లేచి వచ్చేయండి. ట్రయల్ మందుకు రోగి డబ్బు కట్టక్కర్లేదు. ట్రయల్ వల్ల ఒంటికి హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. పోల్చి చూడటానికి కొందరికి ఇచ్చే, మందు లేని ఉత్తుత్తి మందు (ప్లాసిబో) మీకు వచ్చే అవకాశం ఎంత, వస్తే తర్వాత అసలు మందు ఇస్తారా అని సూటిగా అడగండి. దారి ఖర్చులు ఇస్తారా, కూలి పోయిన రోజు సంగతేంటి అనడానికి మొహమాటపడొద్దు.

అంగీకార పత్రం తెలుగులో ఇవ్వమనండి. చదువు రాకపోతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి ముందు చదివించి వేలిముద్ర తీసుకోవాలి. ఒక కాపీ మీ దగ్గర ఉండాలి, అందులో ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో రోగుల హక్కులు, భద్రత చూసే కమిటీ) ఫోన్ నంబరు ఉందో లేదో చూడండి. నచ్చకపోతే ఎప్పుడైనా బయటికి రావచ్చు, అందువల్ల మీ మామూలు వైద్యం ఆగకూడదు. పనికి చెన్నై వెళ్లే ఆలోచన ఉంటే అదీ ముందే చెప్పండి. కొన్ని వారాలకోసారి ఆసుపత్రికి రావాల్సి ఉంటుంది, మధ్యలో మానేస్తే మిమ్మల్ని ట్రయల్ నుంచి తప్పించవచ్చు.