‘నావల్ల కాదు’ అనే నమ్మకాన్ని నడకతో, ఎరుకతో ఎదుర్కోవడం

తెలుగు మాధ్యమంలో చదివి తొలి ఇంటర్వ్యూకు సిద్ధమయ్యే చాలామందికి, విషయం తెలియకపోవడం కన్నా ‘నలుగురిలో నోరు విప్పడం నావల్ల కాదు’ అన్న నమ్మకమే పెద్ద అడ్డంకి. అద్దం ముందు నిలబడి ‘నేను సాధిస్తాను’ అని పదేపదే చెప్పుకున్నా పెద్దగా ఒరిగేదేమీ ఉండదని నా అభిప్రాయం. ఆ మాటను ముందు నమ్మాల్సింది మనమే కదా!

అందుకే వాదన మాని, మొదట ఆ సందేహం ఏ మాటల్లో వస్తోందో ఉన్నదున్నట్టు నోటుపుస్తకంలో రాసుకోవాలి. ‘నేను మాట్లాడలేను’ అన్న వాక్యాన్ని ‘నేను మాట్లాడలేనన్న ఆలోచన వస్తోంది’ అని మార్చి రాస్తే, అది తీర్పులా కాక వచ్చి పోయే ఆలోచనలా కనిపించడం మొదలవుతుంది. ఆ సమయంలో గొంతు ఆరిపోతోందా, భుజాలు బిగుసుకుంటున్నాయా అన్నదీ గమనించాలి.

తర్వాత నడక. బౌద్ధ సంప్రదాయంలో చంక్రమణం అనే ధ్యాన పద్ధతి ఇదే. డాబా మీద పది పన్నెండు అడుగుల మేర, చెప్పులు లేకుండా (ఎండ వేళ మాత్రం వద్దు), మడమ లేవడం, పాదం ముందుకు సాగడం, నేలను తాకడం, ఒంటి బరువు దాని మీదికి మారడం తెలుసుకుంటూ మెల్లగా నడవాలి. పిట్టగోడ దగ్గరకు రాగానే ఆగి, ఒక శ్వాస గమనించి వెనుదిరగాలి. మధ్యలో పాత మాట మళ్లీ వస్తే ‘సందేహం’ అని మనసులో అనుకుని, దృష్టిని అరికాళ్ల మీదికి తెచ్చుకుంటే చాలు. పది నిమిషాలు సరిపోతుంది.

దీనికి కొన్ని సూర్యనమస్కారాలో, చురుకైన నడకో జోడించాలి. ఇంటర్వ్యూ గది బయట గుండె దడదడలాడితే మనసు దాన్ని భయానికి రుజువుగా తీసుకుంటుంది. అదే దడ వ్యాయామంలో వచ్చి, కాసేపటికి దానంతటదే తగ్గడం రోజూ చూసినవారికి అది అంత ప్రమాదంగా తోచదు. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవారు వైద్యుణ్ణి అడిగాకే మొదలుపెట్టాలి.

అయితే ధ్యానం, వ్యాయామం దగ్గరే ఆగిపోతే నమ్మకం మారదు. మన సామర్థ్యంపై మనకు విశ్వాసం ఎలా కలుగుతుందో 1977లో వివరించిన మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా, స్వయంగా చేసి చూసిన అనుభవానికే అన్నిటికన్నా ఎక్కువ బలం ఉందన్నారు. కాబట్టి నడక ముగిసిన వెంటనే రెండు నిమిషాల స్వపరిచయాన్ని ఫోనులో రికార్డు చేయాలి. కొన్నాళ్లకు ఇంట్లో ఒకరి ముందు, ఆపైన స్నేహితుల ముందు మాట్లాడాలి. ప్రతిసారీ ఏం జరుగుతుందని భయపడ్డారో ముందే పేజీకి ఎడమవైపు, నిజంగా జరిగింది కుడివైపు రాయాలి. ఎడమన ‘మాట ఆగిపోతుంది, అందరూ నవ్వుతారు’ అని ఉంటే, కుడివైపున ‘రెండుచోట్ల తడబడ్డాను, అన్నయ్య నవ్వలేదు, జీతం ఎంతని అడిగాడు’ అని ఉండవచ్చు. ఇలాంటి పేజీలు పోగయ్యే కొద్దీ పాత నమ్మకానికి ఆధారాలు తగ్గిపోతాయి.

నిద్ర, ఆకలి రెండు వారాలకు పైగా దెబ్బతింటే ఇవేవీ చికిత్సకు ప్రత్యామ్నాయం కావు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంటర్వ్యూ రోజున నడిచే వీలుండదు. కుర్చీలో కూర్చునే రెండు పాదాలూ నేలకు ఆనించి, ఊపిరి తీసుకున్న దానికన్నా నెమ్మదిగా వదులుతూ, పేరు పిలవగానే లేచి లోపలికి వెళ్లాలి.