క్లోమగ్రంథి సూది పరీక్షకు ముందు జాగ్రత్తలు

క్లోమగ్రంథి నుంచి సూదితో ముక్క తీసే బయాప్సీలో తీవ్రమైన చిక్కులు అరుదే అయినా, రక్తస్రావం, ఇన్ఫెక్షన్, క్లోమం వాపు వచ్చే అవకాశం ఉన్నందున ముందే సిద్ధపడాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది రక్తాన్ని పలుచబరిచే మందుల సంగతి. గుండెకు స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్ వంటివి వాడుతున్నవారు ఆ మాట ముందే చెప్పాలి. ఎప్పుడు ఆపాలో, అసలు ఆపవచ్చో లేదో గుండె వైద్యుడు, బయాప్సీ చేసే వైద్యుడు కలిసి నిర్ణయించాలి తప్ప, సొంతంగా ఆపితే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. వాడుతున్న నాటు మందులను కూడా దాచకూడదు. ప్లేట్‌లెట్ల సంఖ్య, రక్తం గడ్డకట్టే సమయం తెలిపే రిపోర్టులను వెంట తీసుకెళ్లాలి.

చెప్పినన్ని గంటలు ఏమీ తినకుండా ఉండాలి. మధుమేహం ఉన్నవారు ఆ ఉదయం ఇన్సులిన్ ఎంత తీసుకోవాలో ముందురోజే అడగాలి.

ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి కర్నూలుకు వచ్చేవారు, వైద్యులు అదేరోజు ఇంటికి పంపినా, వీలైతే ఆ రాత్రి నగరంలోనే తోడుతో ఉండడం మంచిదని నా అభిప్రాయం. వీపులోకి పాకే కడుపునొప్పి, ఆగని వాంతులు, జ్వరం, నల్లని విరేచనం కనిపిస్తే తెల్లవారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.