లగేజ్ క్యారియర్ లొడలొడమంటోందా? ముందు వాషర్ తిప్పి చూడండి

బైక్‌కి బయట కొన్న క్యారియర్ బిగిస్తారు. నాలుగు రోజులకే గతుకుల్లో చప్పుడు మొదలవుతుంది. పానా తీసి ఇంకాస్త బలంగా బిగిస్తారు, రెండు రోజులు బాగుంటుంది, మళ్ళీ మామూలే. బోల్ట్ టైట్‌గా ఉన్నంత మాత్రాన క్యారియర్ టైట్‌గా ఉన్నట్టు కాదు. ఈ ఒక్క విషయం చూసుకోకుండా వెల్డింగ్ షాపుకి పరిగెత్తేవాళ్ళే ఎక్కువ.

బోల్ట్ కదలదు, క్యారియర్ మాత్రం ఊగుతుంది

బోల్ట్ తల కింద ఉన్న వాషర్‌ని వేళ్ళతో తిప్పి చూడండి. తిరిగిందా? అయితే ఆ బోల్ట్ క్యారియర్‌ని నొక్కడమే లేదు. దాని కొన ఛాసిస్‌లో అది దిగే రంధ్రం అడుక్కి తగిలి ఆగిపోయింది. పానాకి వచ్చే ఆ గట్టిదనం అడుగుది. టార్క్ రెంచ్ (అనుకున్నంత బిగువు రాగానే శబ్దం చేసే పానా) వాడినా అది క్లిక్‌మంటుంది, మనం నమ్మేస్తాం.

కంపెనీ గ్రాబ్ రైల్ (సీటు వెనక పట్టుకునే కడ్డీ) తీసేటప్పుడు దాని కింద ఎత్తు కోసం పెట్టిన ఇనుప బుష్‌లు (చిన్న గొట్టం ముక్కలు) కూడా చాలాసార్లు వచ్చేస్తాయి. వాటిని పక్కన పడేసి, అంత మందం లేని క్యారియర్ పట్టీ పెట్టి, అవే పాత పొడుగు బోల్టులు వేస్తారు. ఉదాహరణకి రంధ్రం లోతు 18 మిల్లీమీటర్లు, పట్టీ 5, వాషర్ 1.5 అనుకోండి. 25 మిల్లీమీటర్ల బోల్ట్ వేస్తే లోపలికి 18.5 దిగాలి. అర మిల్లీమీటరు ఖాళీ మిగిలిపోతుంది. కంటికి కనపడదు. మధ్యలో రబ్బరు వాషర్ ఉంటే అసలే తెలియదు, చేత్తో ఊపినా గట్టిగానే ఉంటుంది. బరువు పడి, రోడ్డు మీద అదిరినప్పుడే బయటపడుతుంది. కొన్ని బోల్టులకి సగం వరకే మర ఉంటుంది. ఆ నున్నటి భాగం రంధ్రం మొదట్లోనే ఆగిపోయినా ఇదే గోల. అడుగున గట్టిపడిన మట్టి కూడా ఇదే పని చేస్తుంది.

క్యారియర్ తీసేసి, రంధ్రం శుభ్రం చేసి, అగ్గిపుల్ల దించి లోతు గుర్తు పెట్టుకోండి. బోల్ట్ పొడవులోంచి పట్టీ, వాషర్, బుష్ మందాలు తీసేస్తే వచ్చేది ఆ లోతుకంటే కనీసం 2 మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. ఎం8 (8 మిల్లీమీటర్ల లావు) బోల్ట్ అయితే స్టీల్‌లో కనీసం 8 మిల్లీమీటర్ల మర పట్టాలి, అల్యూమినియంలో 12. తలపై 8.8 అని (అది బలం గుర్తు) ఉన్న పొట్టి బోల్టులు విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో తేలిగ్గా దొరుకుతాయి. ఉన్నదాన్నే కోయాలంటే ముందు ఒక నట్ ఎక్కించి, తర్వాత హాక్సా పెట్టండి. కోసి, అంచు ఆకురాయితో రాసి, నట్‌ని వెనక్కి తిప్పి తీస్తే మర బాగవుతుంది. మరకి నీలం రంగు లాక్‌టైట్ (బోల్ట్ వదులవకుండా పట్టి ఉంచే జిగురు) చుక్క వేయండి. బోల్ట్ అడుక్కి తగులుతున్నప్పుడు మాత్రం లాక్‌టైట్ పూయడం వృథా.

వెల్డింగ్ పగిలిందంటే కూడా ముందు ఇదే చూడండి. ఊగే క్యారియర్‌కి మళ్ళీ వెల్డింగ్ పెట్టిస్తే ఆ అతుకు పక్కనే ఇంకోచోట విరుగుతుంది.

రంధ్రాలు కలవడం లేదు

మొదటి బోల్ట్ పూర్తిగా బిగించేసి ఉంటారు. అన్నీ వదులు చేసి, చేత్తో రెండు మూడు చుట్లు ఎక్కించి, ఎదురు మూలల చొప్పున కొంచెం కొంచెం బిగించండి. ఇంకా ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉంటే క్యారియర్ రంధ్రాన్ని ఆకురాయితో కాస్త కోలగా చేసి, అక్కడ పెయింట్ వేయండి. రాడ్డు పెట్టి వంచి బిగించవద్దు.

ఇండికేటర్ వేస్తే ఫ్యూజ్ పోతోంది

వైరు పట్టీ కింద నలిగింది. టేపు చుట్టి, పక్కకి తప్పించి కట్టండి.

స్పీడులో హ్యాండిల్ తేలిపోతోంది

బరువంతా వెనక చక్రం ఇరుసు దాటి వెనక్కి పోయింది. బరువైనవి సీటు మీదకి జరపండి, బట్టలు క్యారియర్ మీద పెట్టండి. క్యారియర్‌పై రాసిన కిలోల పరిమితిలో బాక్స్ బరువు కూడా కలుస్తుంది. వెనక టైరు గాలి, సస్పెన్షన్ ఆ బరువుకి తగ్గట్టు సరిచేయండి.

ఛాసిస్ వంగడం, ఛాసిస్ లోపలి నట్ ఊడిపోవడం అరుదు. బండి పడి ఉంటే తప్ప వాటి గురించి టెన్షన్ వద్దు.