ప్లాటినం ముద్రణకు కాగితాన్ని సిద్ధం చేసుకోవడం: నా అనుభవం

ఫొటోను ప్లాటినం లోహంతో కాగితంపై అచ్చువేసే ప్లాటినం ముద్రణలో బొమ్మ కాగితపు నారలలోనే నిలుస్తుంది కనుక, కాగితం గుణం బొమ్మ అంతటా కనిపిస్తుంది. తిరుపతిలో నేను వాడుతున్న నూలు కాగితంపై నీడలు మచ్చలు మచ్చలుగా, బలం లేకుండా వచ్చేవి. మన్నిక కోసం తయారీలో కలిపే కాల్షియం కార్బొనేట్ క్షారగుణం కలది. కాగితానికి పూసే ద్రావణంలో వెలుతురుకు స్పందించే ఇనుప లవణమైన ఫెర్రిక్ ఆక్సలేట్‌కు ఆమ్లగుణమే అనుకూలం కనుక ఆ రెండూ పొసగవు. అందుకే ఆ కార్బొనేట్‌ను తొలగించడానికి 10 శాతం సల్ఫామిక్ ఆమ్ల ద్రావణంలో బుడగలు పూర్తిగా ఆగేవరకు కాగితాన్ని ఉంచి, డిస్టిల్డ్ వాటర్‌లో పలుమార్లు కడిగి ఆరబెట్టాను. మా బోరు నీటిలో సున్నం ఎక్కువ కనుక కడగడానికి దాన్ని వాడలేదు. మచ్చలు పోయాయి.

అయితే ఆ తర్వాత కాగితం పూత ద్రావణాన్ని లోలోపలికి పీల్చుకోవడంతో నలుపు గాఢత తగ్గింది. దాన్ని అరికట్టడానికి లీటరు నీటికి 10 గ్రాముల చొప్పున పాలగుండను ముందు కొద్దిపాటి చన్నీళ్లలో కలిపి, మరుగుతున్న నీటిలో పోసి పలుచని గంజి కాచి, చల్లారాక వడగట్టి కాగితానికి పట్టించాను. పాలగుండ గోధుమ ఛాయ గల నలుపును, జెలటిన్ నీలి ఛాయ గల నలుపును ఇస్తాయని 1882లోనే ప్లాటినం ముద్రణపై పరిశోధించిన పిజ్జిగెల్లి, హ్యూబ్ల్ రాశారు; రాతి మండపాల బొమ్మలకు నాకు మొదటిదే ఎంతో నచ్చింది. ఇక్కడి ఎండాకాలపు పొడిగాలిలో పూత సమంగా పరుచుకోకముందే ఆరిపోతుంది కనుక, పూసేముందు కాగితాన్ని నీటి పళ్లెం ఉంచిన మూత పెట్టెలో, తడి తగలకుండా, కాసేపు పెట్టి తేమ పట్టిస్తున్నాను.